ముందు కుడి స్టిక్ సంగతి తేల్చండి: గాడ్ ఆఫ్ వార్ అభిమానులకు బహిరంగ లేఖ

గ్రీకు బ్యాచ్‌కీ, నార్స్ బ్యాచ్‌కీ,

గాడ్ ఆఫ్ వార్ ప్లేస్టేషన్ వీడియో గేమ్. దాని హీరో క్రాటోస్ పాత ఆటల్లో గ్రీకు దేవుళ్ళతో తలపడ్డాడు, 2018 ఆటనుంచి కొడుకుతో కలిసి నార్స్ (ఉత్తర ఐరోపా పురాణాల) లోకానికి వచ్చాడు. ఏది గొప్ప అన్న మన పంచాయితీ ఆ 2018 ఏప్రిల్‌లోనే మొదలైంది. ఇప్పటికీ తెగలేదు. "అసలు క్రాటోస్ 2010లోనే అయిపోయాడు, తర్వాత వచ్చింది గడ్డం పెంచిన ఎవరో పెద్దాయన" అని ఒక వర్గం. "పాత ఆటల్లో ఏముంది, అరుపులూ, బటన్లు నలిపెయ్యడమూ తప్ప" అని ఇంకో వర్గం. హీరోల పేరు చెప్పి కొట్టుకోవడంలో మనకు చిన్నప్పటినుంచీ తర్ఫీదు ఉంది కాబట్టి ఈ గొడవ కూడా అదే పద్ధతిలో నడుస్తోంది. సగం మంది అవతలివాళ్ళ ఆట పూర్తిగా ఆడి ఉండరు. అయినా తీర్పు మాత్రం సిద్ధంగా ఉంటుంది.

గొడవ మానెయ్యమని నేను చెప్పను. నాకూ ఒక పక్షం ఉంది, అదేంటో కిందకొచ్చాక చెప్తాను. ఈలోగా ఒక్క మాట. మీరు కథ గురించి వాదిస్తున్నారు, హింస గురించి వాదిస్తున్నారు, క్రాటోస్ మెత్తబడ్డాడా లేదా అని వాదిస్తున్నారు. వీటన్నిటికీ మూలం కంట్రోలర్ మీద కుడి బొటనవేలి కింద ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

2005 మార్చిలో ప్లేస్టేషన్ 2 (పీఎస్2) మీద వచ్చిన మొదటి ఆటలో కుడి స్టిక్ తోస్తే క్రాటోస్ పక్కకు దొర్లుతాడు. 2018 ఆటలో అదే స్టిక్ తోస్తే కెమెరా తిరుగుతుంది. మార్పు ఇంతే. కానీ దీని వెంట ఎన్ని మారాయో చూడండి.

పాత ఆటల్లో కెమెరా మన చేతిలో లేదు. ఏ గదిలో ఎక్కడినుంచి చూపించాలో తయారుచేసినవాళ్ళే ముందుగా బిగించి పెట్టారు. కాబట్టి బొటనవేలికి పనిలేదు, తప్పించుకునే పని దానికి అప్పజెప్పారు. ఎక్స్ బటన్ ఖాళీగా మిగిలింది, దూకడానికి ఇచ్చారు. దూకగలిగాడు కాబట్టి గాల్లో యుద్ధం వచ్చింది. ట్రయాంగిల్ నొక్కిపట్టి శత్రువును పైకి ఎగరేసి, వెనకే ఎగిరి, నేలమీదికి దిగకుండానే పని ముగించడం అలా వచ్చింది. కెమెరా దూరంగా ఉంది కాబట్టి చుట్టూ పదిమంది చేరినా అందరూ కనిపిస్తారు. అందుకే ఆ గొలుసుకత్తులు అంత దూరం విసురుగా తిరిగేలా చేశారు. స్క్వేర్, స్క్వేర్, ట్రయాంగిల్. ఈ మూడు నొక్కులు తెలియని గ్రీకు అభిమాని ఉండడు. ఆ మూడో నొక్కుకు కత్తులు చుట్టూ ఉన్న గుంపునంతా ఊడ్చేసేవి.

ఇప్పుడు 2018 చూడండి. కెమెరా క్రాటోస్ భుజం మీద కూర్చుంది. దాన్ని తిప్పడానికి బొటనవేలు కావాలి. తప్పించుకునే పని ఎక్స్‌కు పోయింది. దాంతో దూకే బటన్ పోయింది, దానితోపాటు గాల్లో యుద్ధమూ పోయింది. భుజం మీదినుంచి చూస్తే వెనకాల ఎవడున్నాడో కనపడదు. అందుకని క్రాటోస్ చుట్టూ బాణం గుర్తులు పెట్టారు, ఎర్రబడితే దెబ్బ పడబోతోందని అర్థం. అదీ చాలక వెనకాల ఎవడొస్తున్నాడో కొడుకు అట్రియస్ అరిచి చెప్తుంటాడు. గుంపును తగ్గించి, ఒక్కొక్క శత్రువునీ బరువుగా చేశారు. గొడ్డలి విసిరి ట్రయాంగిల్ నొక్కితే అది గిర్రున తిరుగుతూ వచ్చి అరచేతిలో ఠప్పున పడుతుంది చూశారూ, ఆ ఠప్పు కంట్రోలర్ పట్టుకున్న మన చేతికీ తగులుతుంది. కెమెరా అంత దగ్గరగా ఉండబట్టే ఆ దెబ్బకు అంత బరువు. పాత కెమెరాతో అదే గొడ్డలి తెరమీద పుల్లముక్కలా కనపడేది.

కవచాలకు నంబర్లు, శత్రువు నెత్తిమీద లెవెల్, మన లెవెల్ తక్కువైతే ఊదారంగు గీత, ఇవి మాత్రం కెమెరా తప్పు కాదు. వేరే ఆటల గాలి సోకి పెట్టినవి. నార్స్ బ్యాచ్ వీటిని ఎందుకు వెనకేసుకొస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దేవుళ్ళను చంపినవాడు నడుముపట్టీ మార్చుకుంటే గానీ ఒక తోడేలును చంపలేకపోవడం ఏమిటి?

సరే, రెండు ఆటల మొదళ్ళు పక్కపక్కన పెట్టి చూద్దాం.

2007లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 2 రోడ్స్ నగరంలో మొదలవుతుంది. అక్కడి మహావిగ్రహానికి ప్రాణం వచ్చి క్రాటోస్ వెంట పడుతుంది. ఒకసారి విగ్రహం చెయ్యి భవనంలోకి దూసుకొస్తుంది, ఇంకోసారి దాని మొహం అడ్డంగా నిలబడుతుంది, ఇంకాసేపటికి క్రాటోస్ దాని లోపలే ఉంటాడు. ఒక్కోచోట కెమెరా ఎంత వెనక్కి పోతుందంటే క్రాటోస్ చీమంత అవుతాడు, ఆ చీమను మనం ఇంకా నడుపుతూనే ఉంటాం. తనలోని దైవశక్తినంతా ఒలింపస్ ఖడ్గంలోకి ధారపోసి విగ్రహాన్ని కూల్చినాక, దేవతల రాజు జ్యూస్ వచ్చి అదే ఖడ్గంతో క్రాటోస్‌ను పొడుస్తాడు. మొదటి ముప్పావుగంటలోపే ఇదంతా అయిపోతుంది.

2018 ఆటలో ఒక బక్కపలచని మనిషి వచ్చి తలుపు కొడతాడు. అంతే. ఒంటిమీద పచ్చబొట్లు, చొక్కా కూడా లేదు. క్రాటోస్ అతన్ని పొమ్మంటాడు, అతను వెళ్ళడు. కాసేపు మాటలు నడుస్తాయి. తర్వాత ఆ బక్కోడు కొట్టిన దెబ్బకు క్రాటోస్ ఇంటి కప్పు మీదుగా ఎగిరి అవతల పడతాడు. కెమెరా తెగదు, భుజం వదలదు. ఆ పలచటి మనిషి మొహం మనకు జానెడు దూరంలో ఉంటుంది, నొప్పి తెలియని ఆ నవ్వుతో సహా.

ఈ రెండిటినీ తారుమారు చేసి ఊహించండి. విగ్రహాన్ని భుజం మీది కెమెరాతో చూపిస్తే మనకు కనపడేది ఒక కాలివేలు. తలుపు కొట్టినవాణ్ణి పాత కెమెరాతో చూపిస్తే ఇద్దరు బొమ్మలు పెరట్లో కుస్తీ పట్టినట్టుంటుంది. మీరు గొప్పగా చెప్పుకునే ప్రతి ఘట్టమూ ఆ కెమెరా ఇచ్చినదే, అవతలి ఆటలో లేదని మీరు ఎత్తిపొడిచేదీ ఆ కెమెరా ఇవ్వలేనిదే. "2018లో దూకడం ఎందుకు తీసేశారు, మళ్ళీ పెట్టండి" అనే గ్రీకు మిత్రులు కుడి స్టిక్‌ను ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాలి.

ఇప్పుడు నార్స్ బ్యాచ్‌తో విడిగా మాట్లాడాలి. పాత ఆటల్లో కథ లేదనే మాట ఒక్కటి దయచేసి ఆపండి. మొదటి ఆట, క్రాటోస్ కొండకొమ్ము మీదినుంచి సముద్రంలోకి దూకి చావబోవడంతోనే మొదలవుతుంది. యుద్ధదేవుడు ఏరీస్ చేసిన మోసంలో సొంత చేతులతో భార్యనూ కూతుర్నీ చంపుకున్నాడు, వాళ్ళ బూడిదే ఒంటికి అంటుకుని తెల్లగా ఉండిపోయింది. ఇది అందరికీ తెలిసిందే. కానీ చివరి యుద్ధం గుర్తుందా? ఏరీస్ ఒక మాయాలోకం సృష్టిస్తాడు. క్రాటోస్ రూపంలోనే ఉన్న గుంపులు ఆ భార్యాబిడ్డల మీదికి వస్తుంటాయి. వాళ్ళ ప్రాణం తగ్గిపోతుంటే నువ్వు దగ్గరికి పోయి సర్కిల్ నొక్కి వాళ్ళను కావలించుకోవాలి. అప్పుడు నీ ప్రాణం తగ్గి వాళ్ళ ప్రాణం పెరుగుతుంది. అప్పటిదాకా ఆట మొత్తంలో ఆ సర్కిల్‌తో నువ్వు చేసిన పనేమిటి? పట్టుకుని చీల్చెయ్యడం. అదే బటన్‌తో ఇప్పుడు కౌగిలింత. ఒక్క మాట కూడా అక్కర్లేదు.

2008లో చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీ మీద వచ్చిన చెయిన్స్ ఆఫ్ ఒలింపస్ ఇంకా ముందుకెళ్ళింది. చనిపోయిన పుణ్యాత్ములుండే ఎలీసియంలో క్రాటోస్‌కు చనిపోయిన కూతురు కలియోపీ దొరుకుతుంది. లోకాన్ని కాపాడాలంటే ఆమెను వదిలి రావాలి. ఆమె వదలదు, వచ్చి పట్టుకుంటుంది. ఆ పిల్లను తోసెయ్యడానికి మనం సర్కిల్ మళ్ళీ మళ్ళీ నొక్కాలి. నొక్కడం ఆపితే ఆట ముందుకు పోదు. బటన్లు నలపడమే అని మీరు ఎగతాళి చేసింది దీన్నే. 2018 ఆటలో లేడిని చంపాక కొడుకు భుజం మీద చెయ్యి వెయ్యబోయి క్రాటోస్ వెనక్కి తీసుకుంటాడు, నాకూ ఇష్టమైన ఘట్టమే. కానీ దాన్ని చూడటం తప్ప మన చెయ్యి చేసిందేమీ లేదు.

మన ఊళ్ళల్లో చాలామందికి క్రాటోస్ పరిచయమైంది ఈ పీఎస్‌పీ ఆటలతోనే అని మర్చిపోకండి. అప్పట్లో పీఎస్2 అందరి ఇళ్ళల్లో లేదు. చిప్ కొట్టించిన మెషీన్లు పెట్టి గంటకింత అని వసూలుచేసే పార్లర్లలో క్రికెట్, కుస్తీ ఆటల మధ్య గాడ్ ఆఫ్ వార్ డిస్కు దొరికితే అదృష్టం, ఎవరి సేవ్ ఎవరు చెరిపేస్తారో అని టెన్షన్. తర్వాత పీఎస్‌పీ ఆటలను ఫోన్లలో ఆడించే పీపీఎస్‌ఎస్‌పీపీ యాప్ వచ్చింది. చెయిన్స్ ఆఫ్ ఒలింపస్, ఘోస్ట్ ఆఫ్ స్పార్టా కాలేజీ హాస్టళ్ళలో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకాయి. పీఎస్‌పీకి కుడి స్టిక్కే లేదు. ఎల్, ఆర్ రెండూ నొక్కిపట్టి ఉన్న ఒక్క స్టిక్‌ను తోస్తే దొర్లడం. కెమెరా బిగించి ఉండబట్టే ఆ ఆటలు అంత చిన్న మెషీన్‌లో కూడా గాడ్ ఆఫ్ వార్‌లానే ఉన్నాయి. పగిలిన ఫోన్ గాజు మీద కూడా.

గ్రీకు బ్యాచ్, మీరు నవ్వుకోవడం ఆపండి. మీ కెమెరా చేసిన పాపాలూ తక్కువేం కాదు. మొదటి ఆటలో హేడీస్ అనే చచ్చినవాళ్ళ లోకంలో కత్తులు తిరిగే స్తంభాలు ఎక్కినవాడు ఎవడైనా తన కంట్రోలర్‌ను ఏం చేశాడో చెప్పుకోగలడా? ఎంత దూరంలో ఏముందో అంచనా వేద్దామంటే కెమెరా తిప్పలేం. సన్నటి దూలాల మీద నడిచే చోట కూడా అదే కష్టం. ఇంకో సంగతి. క్రాటోస్ క్రూరత్వాన్ని మీరు గొప్పగా చెప్పుకుంటారు గానీ, మొదటి ఆటలో పంజరంలో ఉన్న సైనికుణ్ణి ఏటవాలు మీద పైదాకా తోసుకెళ్ళి బలి ఇచ్చేటప్పుడు అతని ఏడుపు మీకు వినపడిందా? 2010 నాటి 3లో సముద్రదేవుడు పొసైడన్ దగ్గర బందీగా ఉన్న ఆడమనిషిని లాక్కొచ్చి, తలుపు మూసుకుపోకుండా చక్రానికి అడ్డంగా వాడతాడు. ఆమె నలిగిపోతుంది. ఆట మనల్ని చూసి అసహ్యపడమనే చెప్తోంది. చప్పట్లు కొట్టమని చెప్పలేదు. అంటే 2018లో క్రాటోస్ సిగ్గుపడేది మీకు ఇష్టమైన పనులకే. ఆ సిగ్గు పాత ఆటల్లోనే మొదలైంది, మీరు గమనించలేదు, అంతే.

అదే 3లో పొసైడన్ చావు చూడండి. కెమెరా ఒక్కసారిగా పొసైడన్ కళ్ళల్లోకి దూరుతుంది. తన్నులు తింటున్నది మనమే, ఎదురుగా కొడుతున్నది క్రాటోస్. రెండు స్టిక్కులూ కిందికి నొక్కితే అతని బొటనవేళ్ళు మన కళ్ళల్లోకి దిగుతాయి. తర్వాత చీకటి. చంపేవాడూ చచ్చేవాడూ ఒకేసారి మనమే కావడం, షాట్ తెంచే స్వేచ్ఛ ఉన్న ఆటకే కుదురుతుంది. మొదటినుంచి చివరిదాకా ఒకే షాట్ అని ఒట్టు పెట్టుకున్న 2018 ఆటకు ఈ దారి మూసుకుపోయింది. హెరా తోటలో ఇంకో చమత్కారం ఉంది. ఒక కోణంలోంచి చూస్తే అతుక్కున్నట్టు కనపడే మెట్లు నిజంగానే అతుక్కుంటాయి. కెమెరానే పజిల్ చేసేశారు.

మరి ఒకే షాట్ వల్ల వచ్చిందేమిటి? దానికి నా సమాధానం పడవ ప్రయాణం. అట్రియస్ జబ్బుపడతాడు, చచ్చినవాళ్ళ లోకం హెల్‌హైమ్‌కు పోవాలి, అక్కడ మంచుగొడ్డలి పనిచెయ్యదు. క్రాటోస్ ఒక్కడే పడవ ఎక్కి తుఫానులో ఇంటికి తెడ్డేస్తాడు. కట్ లేదు. ఏం వెతుక్కోవడానికి పోతున్నాడో పాత ఆటలు ఆడినవాడికి ముందే తెలిసిపోతుంది, కానీ పడవ మెల్లగానే పోతుంది. ఇల్లు చేరి, నేల కింద దాచిన మూట విప్పి, పాత ఆటల గొలుసుకత్తులు మళ్ళీ చేతికి చుట్టుకుంటాడు. పక్కన పాత ఆటల గ్రీకు దేవత ఎథీనా నిలబడి ఉంటుంది. షాట్ తెంచి నేరుగా ఇంట్లో దింపి ఉంటే ఆ కత్తులు ఇంకో ఆయుధంలా ఉండేవి. ఆ ప్రయాణం మొత్తం మనచేత చేయించబట్టే గుండె బరువెక్కింది. గ్రీకు అభిమానులారా, ఆ ఘట్టం మీకోసం రాసిందే. పాతవి ఆడనివాడికి అందులో సగమే అందుతుంది.

2022 నవంబర్‌లో వచ్చిన రాగ్నరాక్‌ను నార్స్ బ్యాచ్ ఈ సిరీస్‌కు శిఖరం అంటారు. పోరాటం వరకు ఒప్పుకుంటాను. కొండ అంచులనుంచి గొలుసుతో లంఘించి పైనుంచి పడి కొట్టడం పెట్టి, పోయిన దూకడాన్ని కొంత వెనక్కి తెచ్చారు. 2018లో ఒకే రాక్షసుణ్ణి రంగు మార్చి మళ్ళీ మళ్ళీ దింపినట్టు కాకుండా బాసులు (పెద్ద శత్రువులు) కూడా తగినంతమంది ఉన్నారు. ఉరుముల దేవుడు థోర్ ఇంటికి వచ్చి బల్లమీద సారా సీసా పెట్టి కూర్చోవడం, తర్వాతి పోరులో క్రాటోస్‌ను చంపేసి మళ్ళీ సుత్తితో బతికించి, ఇంకా అయిపోలేదన్నట్టు చూడటం అద్భుతం. కానీ ఒకే షాట్ ఇందులో అలవాటుగా మిగిలింది, అవసరంగా కాదు. ఐరన్‌వుడ్‌లో అట్రియస్‌తో పళ్ళు ఏరుతూ తిరిగిన గంటలు గుర్తుతెచ్చుకోండి. తెంచడానికి వీల్లేదు కాబట్టి సాగింది. తీరా రాగ్నరాక్ యుద్ధం వచ్చేసరికి పెళ్ళిభోజనంలో చివరి బంతికి వడ్డించినట్టు హడావుడిగా అయిపోయింది. పజిల్ ముందు నిలబడి రెండు సెకన్లు కాకముందే పక్కనున్నవాళ్ళు జవాబు చెప్పెయ్యడం వేరే తలనొప్పి.

ఈ రెండు బ్యాచ్‌లకూ కలిపి ఒక చిన్న సంగతి గుర్తుచెయ్యాలి. గ్రీకువాళ్ళు నెత్తిన పెట్టుకునే 2కూ, నార్స్‌వాళ్ళు నెత్తిన పెట్టుకునే 2018కీ డైరెక్టర్ ఒక్కడే, కోరీ బార్లాగ్. మొదటి ఆటలో లీడ్ యానిమేటర్ కూడా అతనే. రాగ్నరాక్ డైరెక్టర్ ఎరిక్ విలియమ్స్ మొదటి ఆటనుంచీ పోరాటాల మీద పనిచేసినవాడు. "మా ఆట గురించి తెలియనివాళ్ళు వచ్చి చెడగొట్టారు" అనే వాదన ఇక్కడ నిలబడదు. కెమెరాను భుజం మీదికి తెచ్చినవాళ్ళకు అంతకుముందు దాన్ని ఎక్కడ బిగించారో బాగా తెలుసు, ఎందుకంటే బిగించిందీ వాళ్ళే. క్రాటోస్ గొంతు మారిందన్న బాధ ఒక్కటి న్యాయమైనదే. పాత ఆటల్లో గొంతిచ్చిన టీసీ కార్సన్ అరుపు లేకుండా ఒలింపస్ లేదు. ఆ గొంతు తప్పించిన తీరు మీద కోపం ఉంటే ఉండనివ్వండి, కానీ ఆ కోపాన్ని 2018లో గొంతిచ్చిన క్రిస్టఫర్ జడ్జ్ మీద తీర్చుకోకండి. అట్రియస్ పక్కన నిలబడి మోకాళ్ళమీద వంగి మాట్లాడే ఆ ఒళ్ళు కూడా అతనిదే.

కొత్తగా వచ్చినవాళ్ళను తిట్టేముందు ఇంకొకటి చూడండి. పీసీ ఉన్న కుర్రాడికి 2022 జనవరిలో 2018 ఆట దొరికింది, 2024 సెప్టెంబర్‌లో రాగ్నరాక్ దొరికింది. పీఎస్4 కొన్నవాడికి 2015 నాటి 3 రీమాస్టర్ ఉంది. అసలు 1, 2 ఆడాలంటే పీఎస్2 గానీ, 2009లో రెండూ కలిపి తెచ్చిన కలెక్షన్ కోసం పీఎస్3 లాంటి పాత మెషీన్ గానీ వెతుక్కోవాలి. వాడు 2 ఆడలేదంటే బద్ధకం వల్ల కాదు, ఆడే దారి ఇవ్వకపోవడం వల్ల. వాణ్ణి వెక్కిరించే బదులు అటకమీదున్న మీ పీఎస్2 ఓ వారం అప్పివ్వండి.

ఇక నా పక్షం. ఒక్కో ఆట తన కెమెరాను ఎంత దూరం తీసుకెళ్ళింది అనేదే కొలత అయితే, నా ఓటు గాడ్ ఆఫ్ వార్ 2కే. పీఎస్3 మార్కెట్లోకి వచ్చాక, 2007 మార్చిలో, పాత మెషీన్ మీద వచ్చిన ఆట అది. కాలాశ్వాలని నాలుగు పర్వతాలంత గుర్రాలుంటాయి. వాటి పగ్గాల గొలుసుల మీద క్రాటోస్ నడుస్తుంటే కెమెరా మెల్లగా వెనక్కి జరుగుతుంది, ఇంకా జరుగుతుంది, ఇక పీఎస్2 వల్ల కాదు అనుకున్నాక కూడా జరుగుతుంది. ఇకారస్‌ను పట్టుకుని అగాధంలో పడుతూ కొట్టుకోవడం, కింద అట్లాస్ లోకాన్ని మోస్తూ కనపడటం, ఇవన్నీ ఒక్క ఆటలోనే. చివర టైటాన్లనే మహాకాయుల వీపుమీద దేవుళ్ళ కొండ ఒలింపస్ ఎక్కుతుండగా తెర మూసెయ్యడం మాత్రం మోసమే, మూడేళ్ళు కూర్చోబెట్టారు. రెండో స్థానం 2018కి, ఆ పడవ ప్రయాణం ఒక్కదానికే అయినా సరే. 3 మూడు. మొదటి అరగంట వరకు 3ను మించింది ఏదీ లేదు, కానీ ఆట అరగంటతో అయిపోదు కదా. రాగ్నరాక్‌ను దాని తర్వాత పెడతాను. 2023 డిసెంబర్‌లో ఉచితంగా ఇచ్చిన వల్హల్లా భాగాన్ని కలుపుకుంటే 3తో సమానం చెయ్యడానికి అభ్యంతరం లేదు. సూర్యదేవుడు హీలియస్ తల మళ్ళీ ప్రత్యక్షమై, తనను ఏం చేశాడో క్రాటోస్ ముందే ఏకరువు పెట్టడం రెండు బ్యాచ్‌లూ కలిసి చూడాల్సింది.

ఒప్పుకోకపోతే తిట్టండి. తిట్టేటప్పుడు ఏ ఘట్టం, ఆ సమయంలో కెమెరా ఎక్కడుంది, మీ బొటనవేలు ఏం చేస్తోంది, ఈ మూడూ చెప్పి తిట్టండి.

ఇట్లు,
ఇంకా స్క్వేర్, స్క్వేర్, ట్రయాంగిలే నొక్కే ఒకడు

తా.క.: ఈ సిరీస్‌లోదే అయిన అసెన్షన్‌ను ఎందుకు లెక్కలోకి తీసుకోలేదని అడగబోయేవాళ్ళకు: 2013లో అది వచ్చినప్పుడు ఆర్కిమిడీస్ పరీక్ష అనే కష్టమైన పోరాటం దగ్గర జనం ఎంత గోల చేశారంటే, కంపెనీ ప్యాచ్ ఇచ్చి దాన్ని తేలిక చెయ్యాల్సి వచ్చింది. ప్యాచ్‌కు ముందే దాన్ని దాటినవాళ్ళు ఎవరైనా మీలో ఉంటే, అసెన్షన్ గొప్పదని వాదించే హక్కు మీ ఒక్కరికే ఉంది.